చిల్లు లేని ఫోను

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని మీకందరికీ తెలుసు" అన్నాడు టవర్ బాబాయ్, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

కాదనే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. ఫోన్లు బాగుచేసే కొట్టు షట్టరు సగం దించి ఉంది. దానికి వేలాడుతున్న అట్టముక్క మీద 'ఇప్పుడే వస్తా' అని రాసి ఉంది. ఆ 'ఇప్పుడు' పొద్దుట మొదలైంది. ఎండ రోడ్డు దాటి ఇవతలి బెంచీ మీదకి ఎక్కినా ఇంకా అయిపోలేదు. కొట్టు పక్కనే టీ కొట్టు, దాని ముందు బెంచీ. బెంచీ మీద ఉన్నవాళ్లలో పనిచేసే ఫోను ఒక్కరి దగ్గరా లేదు. ఫోను లేని చేతులు ఊరికే ఉండవు. వ్యాన్ డ్రైవరు బొటనవేలు ఖాళీ అరచేతి మీద పైకీ కిందికీ పాకుతూనే ఉంది. జేబు తడుముకుంటాడు, లేదని గుర్తొచ్చి చెయ్యి తీసేస్తాడు, మళ్లీ తడుముకుంటాడు. అతని ఫోను అద్దం పగిలి నిన్నటి నుంచీ ఆ షట్టరు వెనకే ఉంది.

టైలరమ్మ అసలు కూర్చోవడమే లేదు. మెడలో టేపు, భుజం దగ్గర గుచ్చిన సూది, చేతిసంచిలో కుట్టి తెచ్చిన నమూనా చొక్కా. పక్క ఊరి బడివాళ్లు యూనిఫాం కుట్టే పని ఆమెకి ఇద్దామనుకుంటున్నారు. ఇవాళ బడి వదిలేలోపు హెడ్‌మిస్ట్రెస్ వీడియోలో ఫోను చేస్తారు, కాలరూ జేబూ కుట్టు చూస్తారు. నచ్చితే పని ఈమెది. ఫోను ఎత్తకపోతే ఇంకో టైలరు కాచుక్కూర్చున్నాడు. సరిగ్గా ఇవాళే ఫోనుకి చార్జింగు ఎక్కడం మానేసింది. వైరు మార్చింది, ప్లగ్గు మార్చింది, ఊదింది, రెండు దెబ్బలు వేసింది. ఉలుకూ పలుకూ లేదు. సిమ్ము తీసి టీ కొట్టావిడ ఫోనులో వేద్దామంటే అది బటన్ల ఫోను, అందులో మాట తప్ప బొమ్మ రాదు.

రోడ్డుకి అవతల అద్దాల షోరూం. గుమ్మానికి బెలూన్లు, లోపల్నుంచి ఆగకుండా పాట. అందులో కంపెనీ చొక్కా వేసుకుని పనిచేసేది టైలరమ్మ ఆడపడుచే. డ్యూటీలో ఉన్నంతసేపూ వాళ్ల ఫోన్లు మేనేజరు సొరుగులో ఉంటాయి కాబట్టి ఆమెని అడిగి లాభం లేదు. కానీ గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపడానికి ఏ అడ్డూ లేదు. "వదినా! ఆ ఇటుకరాయి పారేసి ఇటు రా! పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్లు! సాయంత్రం దాకే ఆఫరు!"

టైలరమ్మ దగ్గర దాచుకున్నది ఉంది. అది ఓవర్‌లాక్ మిషను కోసం. బట్ట అంచులు పోగులూడకుండా కుట్టే మిషను. ఫోను కొంటే మిషను లేదు. మిషను లేకుండా బడంతటికీ చొక్కాలు కుట్టడం ఆమె వల్ల కాదు. ఫోను లేకపోతే అసలు ఆ చొక్కాలే రావు.

"బాబాయ్, ఒక్క ముక్కలో చెప్పండి. కొనమంటారా, వద్దంటారా?"

"అదేనమ్మాయ్ చెప్పబోతున్నా" అన్నాడు టవర్ బాబాయ్. వైరు లేకుండా వాడంతా వినిపిస్తుందని ఆ గొంతుకి ఆ పేరు. "అసలు ఈ ఫోన్లు ఏటేటా ఎందుకు మారుతున్నాయి, ఎవరి వల్ల మారుతున్నాయి, అది తెలిస్తే కదా కొనాలో వద్దో తెలిసేది. పేరు చెప్పుకోకూడదు కానీ..."

"మీ వల్లేనా?" అన్నాడు డ్రైవరు.

"నేననలేదు, నువ్వన్నావు. విను. మొదట్లో నా దగ్గరొక ఫోను ఉండేది, వెనక మూత గోటితో లాగితే ఊడొచ్చేది. ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తున్నా, మీ పిన్నికి నడుం నొప్పి కాబట్టి కానీ లేకపోతే నేనెందుకు ఆరేస్తాను, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని మా బావమరిదితో మాట్లాడుతున్నా. జారింది. మేడ మీంచి కింద పడింది. పడితే ఏమైంది? ఏమీ కాలేదు. అంతే, నేను చెప్పొచ్చేది."

"అంతేనా?"

"అంతే అంటే... మూడు ముక్కలైందనుకో. మూత ఒక దిక్కు, బ్యాటరీ ఒక దిక్కు, మిగతాది కాలవ అంచున. మెట్లు దిగొచ్చి మూడూ ఏరుకుని, చొక్కాకి తుడిచి, టకటకా అతికించి చెవి దగ్గర పెట్టుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా బావమరిది ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు!"

"బ్యాటరీ ఊడిపోయాక కూడానా?"

"ఊడిపోయిన సంగతి ఫోనుకి తెలియాలి కదరా! తెలిసేలోపే పెట్టేశాగా."

"మీ బావమరిది అయితే అసలు ఫోను లేకపోయినా మాట్లాడతాడులే అన్నయ్యా" అంది టీ కొట్టావిడ, గిన్నె కడుగుతూ.

"అది వేరే సంగతి చెల్లెమ్మా. ఇది ఎలా పొక్కిందో పొక్కింది, కంపెనీ దాకా పోయింది. వచ్చేశారు. మెడకి టైలు కట్టుకుని ముగ్గురు, ఈ ఎండలోనే. 'అయ్యా, మీరిలా విప్పుతూ అతికిస్తూ పోతే మీ ఫోను జన్మలో పాడవదు, మిమ్మల్ని చూసి పక్కవాళ్లూ నేర్చుకుంటారు, ఇక మా కొత్త ఫోన్లు కొనేదెవరు, మా కడుపు మీద కొట్టకండి' అన్నారు. నాకు జాలేసింది. ఎంతైనా పిల్లలు గలవాళ్లు. 'సరే, బ్యాటరీ లోపల పెట్టి జిగురేసెయ్యండి, నా చేతికి అందకుండా ఉంటుంది' అన్నా. అప్పట్నించి చూడు, ఏ ఫోనుకైనా మూత ఊడుతుందేమో!"

డ్రైవరు మొహం మాడిపోయింది. "అంటే మొన్న నా బ్యాటరీ ఉబ్బితే ఫోనే మార్చమన్నారే, అది మీ పుణ్యమా?"

"నా పుణ్యమే. తిట్టుకో. మేలు చేసినవాడికి తిట్లు కొత్తా?"

టైలరమ్మ షట్టరు దాకా వెళ్లి కిందికి వంగి చూసింది. లోపల చీకటి. వెనక్కొచ్చింది. "బాబాయ్, కొనాలా వద్దా?"

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఈలోగా చెవి వైరు సంగతి ఉందిగా. ఇదివరకు ఫోను నెత్తి మీద గుండ్రంగా చిన్న చిల్లు ఉండేది, వైరు గుచ్చుకుని పాటలు వినేవాళ్లం. ఇప్పుడుందా? లేదు. ఎందుకు లేదు? ఒకరోజు మధ్యాహ్నం పాటలు వింటూ నిద్రపోయా. నిద్రలో నేను కాస్త అటూ ఇటూ దొర్లే మనిషిని. లేచేసరికి వైరు చిక్కు పడింది. చిక్కంటే ఏదో జుట్టు చిక్కు అనుకునేవు. మంచం కోళ్లు నాలుగూ, దుప్పటి, కిటికీ ఊచలు, పక్కింటి పిల్లి..."

"పిల్లా?"

"ఎప్పుడొచ్చి దూరిందో, తోకొక్కటే బయటికి కనబడుతోంది. మీ పిన్ని లాగింది, నేను లాగాను, ఇంటిల్లిపాదీ లాగారు, వీధివాళ్లొచ్చారు. లాగినకొద్దీ బిగుసుకుంటోంది. కంపెనీకి కబురెళ్లింది. ఈసారి ఇంజనీర్లని దింపారు. కళ్లజోళ్లు, భూతద్దాలు, మంచం చుట్టూ కూర్చుని ఒకటే లెక్కలు. సాయంత్రానికి ఒకడు 'దొరికింది, కొస దొరికింది!' అని కేకేశాడు. తీరా చూస్తే అది వాడి బూటు తాడే. వాడినీ కట్టేసింది వైరు."

"చిక్కు పడితే కొస వెతక్కూడదు" అంది టైలరమ్మ, ఎటో చూస్తూ. "మధ్యలో వదులు చెయ్యాలి."

"అది నువ్వప్పుడు చెబితే బాగుండేది. నువ్వు లేవు కాబట్టే వాళ్లు చేతులెత్తేశారు. చిక్కు విప్పలేక చిల్లు మూసేశారు. అదీ అసలు కథ. వైర్లు పోయి చెవిలో గింజలు పెట్టుకునే కాలం వచ్చిందంటే ఊరికే రాలేదు."

"మరి పిల్లి?" అన్నాడు డ్రైవరు.

"హాయిగా ఉంది. పాట పెడితే ఇప్పటికీ తాళం తప్పకుండా తోక ఊపుతుంది."

అవతల ఆడపడుచు మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. "వదినా! నువ్వడిగిన రంగులో రెండే మిగిలాయి!" టైలరమ్మ ఏ రంగూ అడగలేదు. ఒక అడుగు రోడ్డు మీదకి వేసి, మళ్లీ వెనక్కి తీసుకుంది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చింది.

బాబాయ్ వేగం పెంచాడు. శ్రోతలు చెయ్యి జారుతున్నారంటే ఆయనకి ఇట్టే తెలిసిపోతుంది.

"తర్వాత బటను. ముందు పక్కన కింద ఒకే ఒక బటను ఉండేది. నా బొటనవేలు చూశారుగా," అని అందరికీ చూపించాడు, మామూలు బొటనవేలే, "ఒకరోజు కాస్త కోపంలో నొక్కితే వెనకవైపు నుంచి బయటికొచ్చి గోడ గడియారంలో దిగింది. కంపెనీవాళ్లు 'వద్దయ్యా, మీకో దండం, నొక్కొద్దు, ఊరికే తాకండి చాలు' అని బటనే తీసిపారేసి అద్దం మీద తాకేది పెట్టారు. ఇక సైజు. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయర్రా అని ఒక్క మాట, ఒకే ఒక్క మాట అన్నా. పెంచారు. ఇంకా కనబళ్లేదన్నా. ఇంకా పెంచారు. చివరికి పలకంతైంది. దాని కోసం జేబులు కూడా పెంచాల్సి వచ్చింది."

"అది మాత్రం నిజం" అంది టైలరమ్మ, తెలియకుండానే ఆగి. "చొక్కా జేబు ఇదివరకటి కొలత పెడితే తిట్టి వెనక్కిస్తున్నారు. వంగితే ఫోను జారి పడుతోందట. లోతు పెంచితే జేబు వేలాడుతోంది. ఏం చెయ్యను, లోపల ఇంకో పొర వేసి కుడుతున్నా."

"విన్నారా!" బాబాయ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "సాక్ష్యం! టైలరు సాక్ష్యం! దేశంలో జేబులన్నీ నా చూపు మందగించడం వల్ల పెరిగాయి."

"కెమెరాలు ఎందుకు పెరిగాయో కూడా చెప్పండి మరి" అన్నాడు డ్రైవరు. "వెనక ఒక్క కన్ను ఉండేది. ఇప్పుడు సాలీడుకున్నన్ని ఉన్నాయి."

"మీ పిన్ని పుట్టింటివాళ్లు. ఇంకేం చెప్పను? అందరూ కలిసి ఒక ఫోటో తియ్యమన్నారు. ఒక కెమెరాలో సగం మందే పట్టారు. కంపెనీకి చెబితే రెండోది పెట్టారు. మా పెద్ద బావమరిది తల పట్టింది, పొట్ట పట్టలేదు. మూడోది పెట్టారు. పొట్ట పట్టింది, ఈలోగా మరదలికి కవలలు. నాలుగోది. ఆ కళ్లన్నీ ఉబ్బెత్తుగా బయటికొచ్చి, ఇప్పుడు ఫోను బల్ల మీద వెల్లకిలా పెడితే కుంటి స్టూలులా ఊగుతోంది. కింద కాగితం మడతపెట్టి పెట్టుకుంటున్నా. అది నా తప్పంటే ఒప్పుకోను. అది వాళ్ల వంశం తప్పు."

టీ కొట్టావిడ ఫక్కుమని నవ్వింది. టైలరమ్మ నవ్వలేదు. బడి ఎప్పుడు వదులుతారో లెక్కేసుకుంటూ ఎండ వైపు చూస్తోంది. "బాబాయ్, మీరు వాడారు కదా ఇన్ని. కొత్తది కొంటే నాకేం ఒరుగుతుంది? నేను మాట్లాడాలి, బట్ట ఫోటో తియ్యాలి, కాలరు చూపించాలి. అంతే నా పని."

"ఒరగడమా? మడతపెట్టే ఫోను గురించి తెలుసా నీకు? అది ఎవరు కనిపెట్టారు?"

"మీరే" అన్నారు ముగ్గురూ.

"నేను కాదు. నా పిర్ర. అబద్ధం చెప్పకూడదు. బస్సులో వెళ్తున్నా. వెనక జేబులో ఫోను. సీటు దొరికింది కదాని దభీమని కూర్చున్నా. కరకరమంది. తీసి చూస్తే పుస్తకంలా మడతపడి ఉంది. ఇంకొకడైతే ఏడ్చేవాడు. నేను మెల్లిగా విప్పా. 'హలో' అంది. మా బావమరిదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంపెనీ పెద్దాయన, ఆయన గది దాటి బయటికి రాడు, ఎవరికీ కనబడడు, అలాంటివాడు స్వయంగా ఫోను చేశాడు. 'అయ్యా, మీరు కూర్చున్నారని తెలిసింది. ఇంకొక్కసారి కూర్చుంటారా?' అన్నాడు. విమానం పంపించాడు."

"విమానమే?"

"బస్సులో వెళ్తే మళ్లీ దేని మీద కూర్చుంటానో అని భయం వాళ్లకి. ఫ్యాక్టరీ మధ్యలో కుర్చీ వేశారు. కుర్చీ మీద ఫోను. నేను కూర్చుంటా, లేస్తా. వాళ్లు చూసి రాసుకుంటారు. ఇంకో ఫోను పెడతారు. 'కాస్త ఎడమ పక్కకి బరువు వెయ్యండి సార్.' 'ఇప్పుడు కోపంగా కూర్చోండి సార్.' 'అలసిపోయినట్టు సార్.' తెల్లకోట్లు వేసుకున్న శాస్త్రవేత్తలు నా వెనకాల నిలబడి చప్పట్లు. ఇప్పుడు మడత ఫోను మధ్యలో సన్నగా గీత పడుతుంది చూడు, ఎంత రుద్దినా పోదు, కోట్లు కుమ్మరించినా పోవట్లేదు వాళ్లకి. అదేంటనుకున్నావ్? నా ప్యాంటు కుట్టు!"

"సీటు కుట్టా?" అంది టైలరమ్మ.

"అదే."

"అది నిలువుగా ఉంటుంది బాబాయ్. జేబు దగ్గర ఉండదు."

"అది కొత్త ఫ్యాషను ప్యాంటు" అని బాబాయ్ ముందుకి దూకేశాడు. "ఆ తర్వాత పలచన చెయ్యడం మొదలెట్టారు. నా జేబులో బరువుగా ఉందన్నానని. పలచన చేశారు, ఇంకా పలచన చేశారు, చివరికి ఎంత పలచనైందంటే పొద్దున్న దాంతోనే గడ్డం గీసుకున్నా. రొట్టె కోశా. ఒకరోజు కిటికీ దగ్గర పెడితే గాలికి ఎగిరిపోయింది. వీధి చివర కరెంటు వైరుకి తగిలి, వైరు తెగి, వాడంతా చీకటి. ఆ చీకట్లో ఫోను టార్చి వెలిగించి నేనే వెళ్లి వైరు ముడేశా."

"ఎగిరిపోయిన ఫోను టార్చా?"

"అది వేరే ఫోను. నా దగ్గర ఒకటే ఉంటుందా?" అంటూ బాబాయ్ జేబు తడుముకున్నాడు.

టైలరమ్మ చటుక్కున ఇటు తిరిగింది. "ఇప్పుడుందా?"

"ఏది?"

"ఫోను బాబాయ్! మీ జేబులో ఉందిగా, ఇందాక తడుముకున్నారు. నా సిమ్ము వేసుకుని ఐదు నిమిషాలు వాడుకుని ఇచ్చేస్తాను. వాళ్లు కాలరు చూడటమే ఆలస్యం. కొనాలో వద్దో తర్వాత చూసుకుంటా."

డ్రైవరు కూడా లేచాడు. "అవును, ఇవ్వండి బాబాయ్. కంపెనీ మీది, పిన్ని పుట్టిల్లు మీది, ఐదు నిమిషాలకి ఏం పోయింది?"

బాబాయ్ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. పొద్దుట్నించీ ఊపిరి తీసుకోకుండా మాట్లాడినవాడు ఇప్పుడు ఊపిరి తీసుకున్నాడు.

"ఇవ్వొచ్చు. ఇవ్వకూడదని కాదు. కానీ ఇది మామూలు ఫోను కాదమ్మాయ్. ఇంకా బజారులోకి రాలేదు. పరీక్ష కోసమని నా ఒక్కడికే ఇచ్చారు. ప్రపంచంలో ఇదొక్కటే ముక్క." బాబాయ్ గొంతు తగ్గించాడు. తగ్గించినా షోరూం దాకా వినబడేలాగే ఉంది. "చిల్లు లేని ఫోను."

"చిల్లు లేకపోవడమేంటి?"

"చెవి వైరు చిల్లు ముందే మూశారా? ఇప్పుడు చార్జింగు చిల్లు కూడా మూసేశారు. చిల్లుంటేనే కదా నీళ్లు దూరేది, దుమ్ము దూరేది, ఫోను పాడయ్యేది? నేనే చెప్పా, 'చిల్లే వద్దు, మూసి పారెయ్యండి' అని. మూసేశారు. వైరు పెట్టినా దిగదు. గాల్లోంచి చార్జింగు లాగుతుంది."

"అయితే ఆన్ చెయ్యండి."

"ఇవాళ గాలేదీ? ఆకు కదుల్తోందా చూడు. గాలి ఆడితే అదే లేస్తుంది."

"మరి బాగుచేసే కొట్టుకెందుకొచ్చావు అన్నయ్యా?" అంది టీ కొట్టావిడ.

"కొట్టువాడికి చూపిద్దామని! పాపం, వాడు ఎప్పుడు చూస్తాడు ఇలాంటిది. ఇక అమ్మాయ్, ఇప్పుడు చెప్తున్నా విను, నువ్వడిగినదానికి జవాబు. కొనెయ్. ఇక నుంచి చిల్లున్న ఫోన్లకి కాలం చెల్లింది. నీది చార్జింగు ఎక్కడం లేదంటే అర్థమేంటి? నీ ఫోనుకే తెలిసిపోయింది తన పని అయిపోయిందని. వెళ్లు, ఆ అమ్మాయి పిలుస్తోంది, పాతది ఇచ్చేసి కొత్తది తెచ్చుకో."

అవతల ఆడపడుచు ఈసారి చెయ్యి ఊపలేదు. గడియారం చూపించింది. టైలరమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. రోడ్డు వైపు రెండడుగులు వేసింది. ఏమనుకుందో, వెనక్కి తిరిగి చెయ్యి చాచింది.

"ఒక్కసారి చూడనివ్వండి. ప్రపంచంలో ఒకటే ముక్క కదా."

గొప్పలు చెప్పేవాడికి ఇంతకంటే ఇరకాటం ఉండదు. చూపించకపోతే లేనట్టే. బాబాయ్ జేబులో చెయ్యి పెట్టి తీసి ఇచ్చాడు. లావుపాటి తొడుగు, దాని మీద అంచులు లేచిన ప్లాస్టిక్ కాగితం. టైలరమ్మ తొడుగు ఊడదీసి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు పట్టుకున్నట్టు ఫోనుని ఎండకెత్తి కింది అంచు చూసింది. చాలాసేపు చూసింది.

"బాబాయ్."

"ఊఁ?"

"కంపెనీవాళ్లు మూస్తే దేంతో మూస్తారు?"

"అది రహస్యం. ఏదో లోహం."

"లోహానికి పోగులుంటాయా?"

"ఏం పోగులు?"

"బూడిదరంగు పోగులు. మీ ప్యాంటు రంగు." ఆమె ఆ మాట అంటూనే ఆగిపోయింది. గబగబా సంచి దింపి, తన ఫోను తీసి, అదే ఎండకి అలాగే ఎత్తి చూసింది. "నాదీ మూసే ఉంది. కాకపోతే నాది నీలం."

"నీలమేంటక్కా?" అన్నాడు డ్రైవరు.

"నెల నుంచీ ఏం కుడుతున్నాను? నమూనాలన్నీ నీలం బట్టే. ఫోను ఎక్కడ పెడతాను? మిషను పక్కన, కత్తిరింపుల గుట్టలో." భుజం దగ్గరి సూది లాగింది. మొన వైపు వేళ్లతో పట్టుకుని, వెనక వైపు, బెజ్జం ఉన్న వైపు, ముందు బాబాయ్ ఫోనులో పెట్టింది.

"అమ్మాయ్, అమ్మాయ్! ఒకటే ముక్క!"

"అందుకే ముందు మీది. పోతే కంపెనీ ఇంకోటి పంపిస్తుందిగా, విమానంలో."

బెజ్జానికి పోగు చిక్కింది. మెల్లిగా, చిల్లు అంచు వెంట గీరింది. కంబళి ముక్కలా నొక్కుకుపోయిన బూడిదరంగు ముద్ద ఊడి బల్ల మీద పడింది. దాని వెనకే ఏదో పొడి రాలింది. టీ కొట్టావిడ వేలితో అద్దుకుని చూసింది.

"ఇది నా కొట్టు బిస్కెట్టే."

టైలరమ్మ చార్జరు సంచిలోనే ఉంది. పొద్దుట్నించీ ఎక్కడ పడితే అక్కడ గుచ్చి చూస్తోంది కదా. టీ కొట్టావిడ తన ఫ్యాను ప్లగ్గు పీకి చోటిచ్చింది. వైరు బాబాయ్ ఫోనులోకి దిగింది, టక్కుమంటూ చివరికంటా దిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అద్దం మీద వెలుగు, ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి టింగు టింగుమని మెసేజీలు.

డ్రైవరు తొంగి చూశాడు. "గాలాడింది బాబాయ్. పిన్ని. 'ఫోను బాగయిందా లేదా, ఎక్కడ కూర్చుని కోతలు కోస్తున్నారు' అని అడుగుతోంది."

టైలరమ్మ అది వినలేదు. తన ఫోను మోకాళ్ల మధ్య పెట్టుకుని, సూది వెనక వైపుతో గీరుతోంది. నీలం పోగు. ఇంకో నీలం పోగు. ఒక తెల్ల దారం ముక్క. తర్వాత వేలి గోరంత నీలం ముద్ద, చిల్లు ఆకారంలోనే అచ్చు దిగి బయటికొచ్చింది. బాబాయ్ ఫోను నుంచి వైరు పీకి తనదానికి పెట్టింది. షోరూం పాట ఒక్కటే వినబడుతోంది. అద్దం నల్లగానే ఉంది. వైరు ఇంకాస్త నొక్కింది.

ఖాళీ బ్యాటరీ బొమ్మ కనబడింది. దాని అడుగున సన్నటి ఎర్ర గీత.

ఫోను పూర్తిగా లేచి నిలబడిందో లేదో, మోగింది.

వైరు పొట్టిది. టైలరమ్మ పొయ్యి పక్కన వంగి ఫోను పట్టుకోవలసి వచ్చింది, చొక్కా పట్టుకోవడానికి చెయ్యి చాల్లేదు. డ్రైవరు ముందుకొచ్చి రెండు చేతులా చొక్కా ఎత్తి పట్టుకున్నాడు. పొద్దుట్నించీ తోచక కొట్టుకుంటున్న ఆ చేతులకి పని దొరికింది.

"కాలరు తిప్పి చూపించమ్మా" అంది ఫోనులో గొంతు. "ఆఁ... లోపలి కుట్టు... సరే. జేబేంటి, అంత లోతు పెట్టావు?"

"పిల్లలు వంగినా పెన్సిళ్లు పడిపోవండి. లోపల ఇంకో పొర వేశాను."

"బాగుంది. అంచులు మాత్రం ఇలా చేత్తో కుడితే కుదరదు, ఓవర్‌లాక్ ఉండాలి. ఉందా?"

"రేపటికి ఉంటుందండి" అంది టైలరమ్మ. "రేపు పొద్దున్నే తెచ్చుకుంటున్నా."

"సరే, ఎల్లుండి బట్ట పంపిస్తాం."

ఫోను పెట్టేశాక ఆమె నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. రోడ్డు దాటి ఆడపడుచు వచ్చేసింది. "ఏంటి వదినా, ఫోను కొనడం లేదా? నా కోసమైనా ఒకటి..."

"మీ షోరూం గుమ్మంలో సూదులు పెట్టి అమ్ముకోండి. నేను మాత్రం మిషను కొంటున్నా." బాబాయ్ వైపు తిరిగింది. "పొద్దుట్నించీ అడిగాను కదా, కొనాలా వద్దా అని. మీరు చెప్పింది వినుంటే ఈపాటికి నా మిషను డబ్బు ఆ అద్దాల షోరూంలో ఉండేది. అసలు సంగతి మీ జేబే చెప్పింది."

బాబాయ్ బల్ల మీది బూడిదరంగు ముద్దని చూశాడు. చల్లారిన టీ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు" అన్నాడు. "కానీ ఆ సూది ఉంది చూశావూ, ఇదివరకు సూదికి బెజ్జం ఉండేది కాదు. సూదుల కంపెనీవాళ్లు నా దగ్గరికొచ్చి..."

టైలరమ్మ సూదీ, చొక్కా అంచున వేలాడుతున్న నీలం దారం ముక్క తెంపి అదీ ఆయన చేతిలో పెట్టింది.

"అయితే ఎక్కించండి బాబాయ్."

టవర్ బాబాయ్ సూదిని చెయ్యి చాచినంత దూరం పట్టుకున్నాడు. దగ్గరికి తెచ్చుకున్నాడు. మళ్లీ దూరం జరిపాడు. ఒక కన్ను మూశాడు. దారం కొస తడుపుకోవడానికని పెదవుల మధ్య పెట్టుకున్నాడు. దారం నోట్లో ఉన్నంతసేపు మాట్లాడటానికి వీల్లేదు. బెంచీ మీద ఎవరికీ ఆయన్ని తొందరపెట్టాలనిపించలేదు.